మెతుకుల లెక్క

నేను చదివిన చదువేమిటో మా వీధిలో ఇప్పటికీ సగంమందికి తెలియదు. "ఆక్యుపేషనల్ థెరపీ" అంటే అది ఉద్యోగాలు ఇప్పించే విద్య అని మా ఎదురింటి పిన్నిగారు చాలాకాలం నమ్మారు. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగమేకదా అని ఆవిడ వాదన. ఒకనాడు వాళ్ళబ్బాయి వివరాల కాయితం తెచ్చి నా చేతిలో పెట్టి, "నీకు తెలిసినచోట ఎక్కడయినా వేయించి పుణ్యం కట్టుకో తల్లీ" అన్నారు కూడాను.

"అది కాదు పిన్నిగారూ. జబ్బుచేసిగానీ, దెబ్బతగిలిగానీ, పుట్టుకలోనేగానీ చెయ్యీ కాలూ, లేదా మనసూ సరిగా సాగనివాళ్ళుంటారు చూడండి, వాళ్ళు తమ పనులు తామే చేసుకునేటట్లు తర్ఫీదివ్వటం" అన్నాను.

"అంటే ఫిజియోథెరపీయే కదూ?"

నాలుగున్నరేళ్ళు ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. కాలు మడవటం, చాపటం వాళ్ళు చూస్తారు, ఆ కాలితో పెరట్లోకి వెళ్ళి బట్టలు ఆరేసుకురావటం మేము చూస్తాం అని చెప్పటం అలవాటు చేసుకున్నాను. ఫిజియో చదివే నా స్నేహితురాళ్ళు ఇది విని నామీద దెబ్బలాటకి వచ్చారు. వాళ్ళదీ న్యాయమే. తేడా అంత సుళువుగా తెగేది కాదు.

మన దేశంలో ఈ చదువు నిన్నమొన్న వచ్చిందేమీ కాదు. అమెరికాలో పుట్టి, మనదేశస్థుణ్ణి పెళ్ళాడి, కమలా నింబ్కర్‌గా ఇక్కడే స్థిరపడిన ఒక మహాతల్లి 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదటి పాఠశాల పెట్టింది. 1952లో అఖిలభారత సంఘం కూడా ఏర్పడింది. అప్పటినించీ ఇన్నేళ్ళు గడిచినా మా పిన్నిగారిదాకా ఆ కబురు చేరలేదంటే తప్పు ఆవిడది కాదు, మాదే.

ఇక అసలు సంగతి. మా కోర్సు పూర్తిచేసేలోగా ప్రతివారూ ఒక చిన్న పరిశోధన చేసి, థీసిస్ రాసి, పరీక్షాధికారుల ముందు కూచుని జవాబులు చెప్పాలి. నా తోటివాళ్ళు చకచకా విషయాలు ఎంచుకున్నారు. ఒకమ్మాయి బడిపిల్లల చేతిరాతమీద, మరొకబ్బాయి కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ళ మెడనొప్పిమీద. నేను మాత్రం నెలరోజులు తేల్చుకోలేక తిరిగాను. చివరికి నాకు విషయం దొరికింది పుస్తకాలయంలో కాదు, ఒక నమూనా కాయితంలో.

పక్షవాతం వచ్చినవాళ్ళు తమ పనులు తాము ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో కొలవటానికి బార్తెల్ సూచిక అని ఒకటి వుంది. 1965లో మహోనీ, బార్తెల్ అనే ఇద్దరు అమెరికాలో మేరీలాండు వైద్యపత్రికలో ప్రచురించారు. తినటం, స్నానం, బట్టలు కట్టుకోవటం, మెట్లెక్కటంలాంటి పది పనులు, అన్నీ కలిపి నూరు మార్కులు. లోకమంతా దాన్ని వాడుతోంది, మేమూ వాడుతున్నాం. అందులో తిండికి పది మార్కులు. పదికి పదీ రావాలంటే మనిషి తన ఆహారం తాను కోసుకోవాలిట, ఉప్పూ మిరియాలూ చల్లుకోవాలిట, వెన్న రాసుకోవాలిట.

ఆ కాయితం పట్టుకుని నేను ఒక పెద్దావిడని, "వెన్న రాసుకోగలరా అమ్మమ్మగారూ?" అని అడిగాను. ఆవిడ నావంక జాలిగా చూసి, "వెన్నెందుకు రాసుకుంటారే? కాలిందా ఏవిటి?" అంది.

ఆ పూట వార్డంతా నవ్వాం. రాత్రి హాస్టల్లో పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు. మా నాయనమ్మ గుర్తొచ్చింది.

నేను పదో తరగతిలో వుండగా నాయనమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళూ ఉదయం బడికి వెళ్ళేముందూ, రాత్రి ఇంటికొచ్చాకా మా నాన్నగారే ఆవిడకి అన్నం తినిపించారు. స్టీలు చెంచాతో, మెత్తగా చిదిమి, ఒక్క మెతుకు కిందపడకుండా. కొడుకంటే అల్లా వుండాలని వూరంతా చెప్పుకున్నారు. నిజంగా అల్లాగే వుండేవారు. కొద్దినెలలకి నాయనమ్మ వేళ్ళు కాస్త కదలటం మొదలెట్టాయి. ఒక్కొక్కప్పుడు ఆ చెయ్యి మెల్లిగా కంచంవైపు జరిగేది. "నీకెందుకమ్మా శ్రమ" అంటూ నాన్నగారు దాన్ని తీసి ఒళ్ళో పెట్టేసేవారు. ఒకసారి, "ఒక్క ముద్ద నన్ను కలుపుకోనియ్యరా" అంది. ఆయన నవ్వి చెంచా నోటికి అందించారు. ఆ ముద్ద అంటుకున్న వేళ్ళని తడిగుడ్డతో తుడిచింది నేనే.

అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. నాలుగేళ్ళు చదివాక నాకు తెలిసింది. కదులుతున్న చేతికి పని చెప్పకపోతే ఆ వచ్చిన కదలికా పోతుంది.

అంచేత నా విషయం ఇదీ: కుడిచెయ్యి పడిపోయి, కొంత తేరుకున్న పక్షవాత రోగులకి చెంచాతో కాకుండా చేత్తోనే అన్నం కలుపుకు తినటం ఆరువారాలు నేర్పితే ఏమవుతుంది? మా గైడుగారు విని, "బావుంది, కాని కొలిచేదెల్లాగ?" అన్నారు. ఆవిడ ఏ సంగతి చెప్పినా ముందు ఈ మాటే అంటారు.

కొలవాలంటే ముందు ముద్ద అంటే ఏమిటో తెలియాలి. చెప్పొద్దూ, ఇరవైరెండేళ్ళు మూడుపూటలా తింటూ కూడా నేనెప్పుడూ చూసుకోలేదు. మెస్సులో కూచుని నా చేతిని నేనే పరాయిదానిలా పరిశీలించాను. నాలుగువేళ్ళూ వంగి అన్నాన్ని దగ్గరికి లాగుతాయి. పప్పుతో కలిపేటప్పుడు వేళ్ళ చివరలు నలుపుతాయి, అరచేతికి అంటదు. తర్వాత వేళ్ళు దోసిలిలాగ వంగి ముద్దని ఎత్తుతాయి. దారిలో ముంజెయ్యి తిరిగి అరచెయ్యి మొహంవైపు వస్తుంది. నోటిదగ్గర బొటనవేలు వెనకనించి ముద్దని తోస్తుంది. తోస్తూనే మిగతా వేళ్ళు విచ్చుకోవాలి. చిక్కంతా ఇక్కడే. పక్షవాతం తర్వాత చాలామందికి పిడికిలి మూయటం ముందు వస్తుంది, వేళ్ళు విప్పటం ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానేరాదు. ముద్ద పట్టుకున్నవాడు వదలలేడు. చెంచా పట్టటంలో ఈ బాధ లేదు, గట్టిగా పట్టుకుంటే చాలు. అందుకని చెంచాతో ఎంత సాధనచేసినా ముద్ద చేతికి రాదు.

తర్ఫీదుకి వరస వేసుకున్నాను. మొదట చపాతీపిండి ముద్దలు, తర్వాత ముద్దపప్పు అన్నం, తర్వాత పెరుగన్నం, తర్వాత కూరన్నం, ఆఖరున చారన్నం. చారన్నం మా శాస్త్రంలో యమ్మే పరీక్షలాంటిది.

సెలవులకి ఇంటికెళ్ళి ఇదంతా గొప్పగా చెబుతూంటే అమ్మ వంటింట్లోంచి, "కొత్తబియ్యమా, పాతబియ్యమా?" అంది.

"ఏ బియ్యమైతేనేం?"

"నీ మొహం. కొత్తబియ్యం చెయ్యి పెడితే ముద్దవుతుంది. పాతబియ్యం పొడిపొడిలాడుతుంది. మొదటివారం పాతవీ ఆఖరువారం కొత్తవీ వండావంటే నీ రోగులందరూ బాగుపడిపోయినట్టే వుంటుంది."

నాకు నోట మాట రాలేదు. గైడుగారికి ఫోను చేసి చెప్తే, "మీ అమ్మగారు ఏం చదువుకున్నారు?" అన్నారు. ఒకే కొట్లో ఒకే రకం బియ్యం బస్తా కొని, మొదటినించి చివరిదాకా అవే వండించాను. నీళ్ళు కూడా కొలిచే పోయించాను. థీసిస్‌లో ఒక పేరా నిండా బియ్యం సంగతే వుంది. అదంతా అమ్మదే.

నాన్నగారికి మాత్రం సంఖ్యలమీదే అభ్యంతరం. ఆయన హైస్కూల్లో తెలుగు పండితులు. "అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదుటే? ఇరవైమంది ఎందుకూ?" అన్నారు.

"కుండలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఒకే మంటమీద ఉడుకుతాయి నాన్నగారూ. మనుషులు ఒక కుండలోవాళ్ళు కారుకదా" అన్నాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, "ఫరవాలేదు, చదువుకుంటున్నావు" అన్నారు.

రోగులచేత సంతకం పెట్టించుకోవలసిన అంగీకారపత్రం తెలుగులోకి రాసిపెట్టింది ఆయనే. ఏ పరిశోధనకైనా ఇది తప్పదు. ఏం చేయబోతున్నామో రోగికి తన భాషలో చెప్పాలి, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చనీ, అందువల్ల వైద్యానికి లోటురాదనీ చెప్పాలి. నాన్నగారు తన పాండిత్యమంతా గుమ్మరించి, "నేను పూర్తి స్పృహలో వుండి, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా" అని ఎత్తుకున్నారు. చదవటానికి దివ్యంగా వుంది. దాన్ని మొదటిసారి ఒక ముసలావిడకి చదివి వినిపించానో లేదో, ఆవిడ చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"ఇది వీలునామా కాదూ? మా పెద్దాడు పంపించాడా నిన్ను?"

వాళ్ళ పెద్దాడు పంపించలేదని నమ్మించటానికి ఒకపూట పట్టింది. ఆ సాయంత్రమే నాన్నగారికి ఫోనుచేసి స్థిరబుద్ధినీ, పూర్తి స్పృహనీ తీయించేశాను. ఇష్టపూర్వకంగా అన్నది మాత్రం వుంచమని ఆయన పట్టుబట్టారు.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. రోగి ఇంట్లోవాళ్ళని అడగవలసిన ప్రశ్నలు కూడా ఆయనకే దిద్దటానికి పంపాను. అందులో నాలుగోది, "రోగి తానే తినటానికి ప్రయత్నించినప్పుడు మీరు ఆపి తినిపించిన సందర్భాలు వున్నాయా?" అని. అన్ని ప్రశ్నలకీ ఎర్రసిరా దిద్దుబాట్లు వచ్చాయి. నాలుగోదానికి ఏమీ లేదు. ఫోనులో ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ప్రశ్న రాసేటప్పుడు నా మనసులో ఎవరున్నారో ఆయనకి తెలియకపోదు. రాసిన నాకూ తెలియకపోలేదు.

ఇరవైమందితో మొదలుపెట్టాను. ఇద్దరు మధ్యలో ఊళ్ళకి వెళ్ళిపోయారు, పద్ధెనిమిదిమంది మిగిలారు. అందరికీ మొదటిసారి పక్షవాతమే, వచ్చి మూడునెలలు దాటింది, మాట పడిపోలేదు, వేళ్ళు కొంచెమైనా కదులుతాయి. పద్ధతి చెప్తే మీరు నవ్వుతారు. కంచం కింద తెల్లగుడ్డ పరిచి, నూటయాభై గ్రాముల అన్నం తూచి పెట్టి, తినటానికి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూసి, తర్వాత గుడ్డమీద పడ్డ మెతుకులన్నీ ఏరి బంగారం తూచేలాంటి చిన్న కాటాలో తూచేదాన్ని. నా స్నేహితురాళ్ళు నాకు మెతుకుల లక్ష్మి అని పేరు పెట్టారు. నా పేరు లక్ష్మి కాదు.

ఇదికాక రెండు ప్రశ్నలు. 1991లో కెనడావారు తయారుచేసిన ఒక పద్ధతి వుంది. అందులో రోగినే అడుగుతారు, ఈ పని నువ్వు ఎంత బాగా చెయ్యగలుగుతున్నావు, ఒకటినించి పదిలోపు చెప్పు. నువ్వు చేస్తున్న తీరు నీకు ఎంత తృప్తిగా వుంది, అదీ ఒకటినించి పదిలోపు చెప్పు అని. రెండంకెలు పెరిగితే చెప్పుకోదగ్గ మార్పని లెక్క. మార్కులు వేసేది రోగే కావటం నాకు నచ్చింది.

ఎడమచేత్తో వచ్చిన గొడవలు రాస్తే అదే ఒక సీరియల్ అవుతుంది. ఒకాయన తలుపు వేసుకుని ఎడమచేత్తో తినేవాడు, కోడలు చూస్తుందని. ఒకావిడ దేవుడి నైవేద్యం పెట్టలేని చెయ్యి ఎందుకని మూడువారాలు ఏడ్చింది, నాలుగోవారంలో పెరుగన్నం దాకా వచ్చింది. ఇంట్లోవాళ్ళతో పడ్డ పాట్లు ఇంకా ఎక్కువ. ఎదురుగా కూచున్న కూతురుగానీ భార్యగానీ, చెయ్యి వణికి రెండుమెతుకులు రాలేసరికి చూడలేరు. చటుక్కున కలిపి నోట్లో పెట్టేస్తారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అంచేత ఒక సూచనల కాయితం అచ్చువేయించి ఇంటింటికీ ఇచ్చాను. అందులో మొదటి సూచన, "భోజనం వడ్డించి పక్కకి వెళ్ళిపోండి. ఎదురుగా కూచోవద్దు." ఇది నా సొంత తెలివే. గైడుగారు కూడా సరేనన్నారు.

పదకొండో నంబరు రోగి రిటైరయిన బస్సు కండక్టరు. ఖమ్మం వైపు మనిషి, వైద్యంకోసం హైదరాబాదులో కూతురింట్లో భార్యతోసహా వుంటున్నాడు. ముప్పయ్యేళ్ళపైన టిక్కెట్లు చింపిన బొటనవేలు కాబోలు, అందరికన్నా ముందు అదే దారికొచ్చింది. ఆరోవారానికి చారన్నం తిన్నాడు! కాటాలో మెతుకులు తూగలేదంటే నమ్మండి. చెయ్యగలగటానికి తనకి తానే రెండునించి ఎనిమిదికి వేసుకున్నాడు. నేను పొంగిపోతూ రెండో ప్రశ్న అడిగాను.

"తృప్తి ఎంత తాతగారూ?"

"రెండు వేసుకోమ్మా."

మొదట్లో అయిదు వేసినవాడు. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ రెండే అన్నాడు. వెనక రోగి ఎదురుచూస్తున్నాడు. రాసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి కంప్యూటరులో అంకెలు ఎక్కిస్తూంటే ఆ రెండు కంట్లో నలుసులాగ తగిలింది. చిన్న లెక్కలో ఒక్క అంకె మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. నా గదిలో వుండే అమ్మాయి వచ్చి చూసి, "ఆయన తిరగేసి చెప్పివుంటాడే. ఒకటో ర్యాంకు గొప్పదనుకుంటారు చాలామంది. రెండంటే మన లెక్కలో తొమ్మిదన్నమాట" అంది. నిజమే, అల్లా పొరపాటుపడ్డవాళ్ళు అంతకుముందు ఇద్దరున్నారు, వాళ్ళకి మళ్ళీ వివరించి అడిగి సరిచేశాను. ఈయన అల్లా పొరపాటుపడలేదని నాకు తెలుసు. మొదటి ప్రశ్నకి ఎనిమిది వేసుకున్నవాడు ఒక్క నిమిషంలో కొలత తిరగేస్తాడా? తెలిసి కూడా రెండు కొట్టేసి తొమ్మిది వేశాను.

పట్టిక ఎంత అందంగా వచ్చిందంటే, గైడుగారు చూసి, "చాలా శుభ్రంగా వుందే" అన్నారు. నాలుగురోజులు ఆ శుభ్రం నన్ను అన్నం తిననివ్వలేదు. మెస్సులో చెయ్యి కంచంలో పెట్టేసరికి ఆ అంకె కనిపించేది. ఇది ఏదో పెద్ద నేరమని చెప్పుకోవటం లేదు. ఎవరికీ ప్రాణాపాయం లేదు, ఎవరూ పట్టుకోనూ పట్టుకోరు. కాని రోగినే అడిగి రోగి మాటే రాయాలన్న పద్ధతి నచ్చి తీసుకున్నదాన్ని, అతని మాట కొట్టేసి నా మాట రాశాను. ఇది చెంచా నోట్లో పెట్టటం కాక మరేమిటి అనిపించింది.

అయిదోనాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

"తాతగారూ, ఆ రెండు ఎందుకు వేశారు?" అని అడిగేశాను.

ఆయన కాసేపు వీధిలోకి చూశాడు. "చెయ్యి బాగుందమ్మా, నీ చలవ. కాని నేను డ్యూటీ చేసినన్నాళ్ళూ ఏ అర్ధరాత్రో వచ్చి మూతపెట్టిన కంచం తీసుకుని తినేవాణ్ణి. ఈ జబ్బు వచ్చాక మా ఆవిడ ఎదురుగా కూచుని తినిపించింది. ఆ అరగంట వూళ్ళో కబుర్లూ, పిల్లల కబుర్లూ అన్నీ చెప్పేది. ఇప్పుడు కంచం పెట్టేసి లోపలికి పోతోంది. మళ్ళీ డ్యూటీ రోజులే వచ్చాయి."

"మరి కూచోమని చెప్పకపోయారా?"

"నువ్వేగా కూచోవద్దని కాయితం ఇచ్చావు."

గోడకి అంటించివుంది ఆ కాయితం. మొదటి సూచన కింద ఎవరో ఎర్రగీత కూడా గీశారు.

ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. "కూచుంటే నా చెయ్యి ఆగదమ్మా, కలిపి పెట్టేస్తాను. అందుకే లేచిపోతున్నాను" అంది.

"అయితే మీ కంచం కూడా తెచ్చుకుని కూచోండి. మీ చేతికీ పని వుంటుంది" అన్నాను. ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, అప్పటికప్పుడు తోచిన మాట.

"ఈయన తినకుండా నేను తినటమా!" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందూ కాదు, వెనకా కాదు, ఇద్దరూ ఒక్కసారే అని ఒప్పించేసరికి చీకటిపడింది.

హాస్టలుకి వచ్చి తొమ్మిది తీసేసి రెండు వేశాను. మర్నాడు గైడుగారి దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పేశాను, తొమ్మిది సంగతితోసహా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తిడతారనుకున్నాను. చివరికి, "పాత పట్టికా కొత్త పట్టికా రెండూ నాకు పంపు. ఈ రెండుమీద నీ చర్చ అధ్యాయంలో రెండు పేజీలు రాయి" అన్నారు. తిట్టివుంటే తేలికగా వుండేది.

అంకె మారాక కూడా, మొత్తంమీద చెయ్యి బాగుపడిందనే వచ్చింది. మెతుకులు తక్కువ రాలాయి, సమయం తగ్గింది. తృప్తి మాత్రం నేను ఆశించినంత పెరగలేదు. పద్ధెనిమిదిమంది చాలా చిన్న లెక్క, పోల్చి చూడటానికి తర్ఫీదు లేని మరో జట్టు కూడా లేదు. దీన్నిబట్టి లోకానికి సూత్రాలు చెప్పటానికి వీల్లేదని రాశాను. సూచనల కాయితంలో మొదటి సూచన నా పొరపాటనీ, ఎందుకు పొరపాటో కూడా రాశాను. వారం తర్వాత కండక్టరుగారికి ఫోనుచేస్తే తృప్తి ఎనిమిది అన్నాడు. గడువు దాటాక వచ్చిన అంకె అది, అంచేత థీసిస్‌లో లేదు.

ఆ తర్వాతదంతా అందరి థీసిసుల కథే. ప్రింటింగు షాపులో రాత్రి పదకొండుదాకా నిలబడటం, పేజీ నంబర్లు తప్పిపోవటం, నల్ల అట్టమీద బంగారు అక్షరాల్లో నా ఇంటిపేరు తప్పుపడటం, దాన్ని గోటితో గీకి మళ్ళీ వేయించటం. పరీక్షాధికారి మొదటి ప్రశ్న, "చెంచా వుండగా చెయ్యి ఎందుకమ్మా?" అని. నేను మాట్లాడబోయేలోగా ఆయనే నవ్వి, "ఇవాళ మీ కాలేజీవాళ్ళు పెట్టిన భోజనంలో చెంచా వేశారు. పక్కన పెట్టి చేత్తోనే తిన్నాను. సరే చెప్పు" అన్నారు. మిగతా అరగంట ఆయన నవ్వలేదు. నాకు చెమటలు పట్టించారు.

ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్ళాను. ఇంగ్లీషులో వున్న పుస్తకం, నాన్నగారు పైపైన తిరగేసి పెట్టేస్తారనుకున్నాను. ఆయన నిఘంటువు పక్కన పెట్టుకుని మూడురోజులు చదివారు. మూడోనాడు రాత్రి భోజనాలయ్యాక వసారాలో కూచుని వుండగా, చర్చ అధ్యాయం దగ్గర వేలుపెట్టి వుంచి నన్ను పిలిచారు.

"ఈ పదకొండో నంబరాయన ఇప్పుడెల్లా వున్నాడు?"

"ఇద్దరూ కలిసి తింటున్నారుట. ఖమ్మం వెళ్ళిపోయారు."

ఆయన తలవూపారు. కొంతసేపటికి, "నేను ముందుగా తినేసి వచ్చి కూచునేవాణ్ణి, మీ నాయనమ్మ దగ్గర" అన్నారు. "చెయ్యి ఖాళీగా వుండాలని."

నాకేం అనాలో తోచలేదు. "మీరు కబుర్లు చెప్పేవారుగా నాన్నగారూ, రోజూ" అన్నాను. అదీ నిజమే. బడిలో ఏ పిల్లాడు ఏ పద్యం తప్పుచదివాడో రోజూ చెప్పేవారు. నాయనమ్మ ఒకవైపు వంగిన నోటితోనే నవ్వేది.

ఆయన బదులు చెప్పలేదు. పుస్తకం చివర తెలుగు అనుబంధం తీసి, అంగీకారపత్రం దగ్గర ఆగి, జేబులోంచి పెన్ను తీశారు. ప్రింటింగు షాపు కుర్రాడు "ఇష్టపూర్వకంగా"లో టకి బదులు ఠ వేశాడు.

"బైండింగు అయిపోయింది నాన్నగారూ, ఇంక దిద్దటానికి లేదు" అన్నాను.

ఆయన దిద్దారు.